టైమంతా మలుపుల్లోనే



కంప్యూటరు ఇచ్చే అంకెలతో చెక్కను కోసే చిన్న సీఎన్‌సీ మిషన్ ఒకటి కొని, ఇంటి ముందు గదిలోనో మేడ మీది రేకుల షెడ్డులోనో పెట్టుకుని పని చేసుకునేవాళ్లు మా గుడియాత్తంలో ఉన్నారు, వేలూరులో ఉన్నారు, సరిహద్దు దాటితే పలమనేరు, చిత్తూరు వైపూ ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఇంటి నేమ్‌ప్లేట్లు, పూజగది తలుపులకు జాలీలు, ముగ్గు అచ్చులు, పెళ్లికి ఇచ్చే చెక్క బహుమతులు చేయించుకోవడానికి జనం వస్తారు. డిజైను చూపించి, చెక్క ఎంచుకుని, ధర మాట్లాడుకున్నాక అందరూ అడిగే మాట ఒకటుంది: "ఎప్పుడు రమ్మంటావన్నా?"

మే నెలలో గంగమ్మ జాతర దగ్గర పడుతుంటే ఆ మాట ఇంకా గట్టిగా వినిపిస్తుంది. జాతరకు ముందు గృహప్రవేశం పెట్టుకున్నవాళ్లకు జాతర తర్వాత నేమ్‌ప్లేటు ఇచ్చి లాభం లేదు. కంప్యూటరు తెర మీద అరగంట అని చూపిస్తుంది, మిషను గంటన్నర తీసుకుంటుంది. అడిగినవాళ్లు రెండుసార్లు వచ్చి వెనక్కి పోతారు. చెప్పిన టైముకు పని చేతికి ఇవ్వడమే చిన్న పనివాడికి పెట్టుబడి. అందుకే ఈ రోజు కోతకు పట్టే టైమును ముందుగా ఎలా లెక్క కట్టాలి, ఆ టైము తగ్గాలంటే మిషను సెట్టింగుల్లో దేన్ని ఎలా మార్చాలి అన్నది మాట్లాడుకుందాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. లెక్కలు చిన్నవే.

ముందు మిషను గురించి రెండు మాటలు. అంకెలతో కోత మిషన్లను నడపడం 70 ఏళ్లు దాటిన విద్య. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల కొలతల కోసం మొదలుపెట్టిన ఆలోచన అది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ వాళ్లు 1952లో అలాంటి మిల్లింగ్ మిషన్ను నడిపి చూపించారు. గది నిండా పట్టేంత యంత్రాంగం కావలసి వచ్చింది. ఇప్పుడు అదే పనిని అరచేతిలో పట్టే ఆర్డుయినో బోర్డు చేస్తోంది. దానిలో నడిచే ప్రోగ్రాము పేరు గ్రబుల్. నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రూడ్ దీన్ని 2009లో రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేలా లోకానికి వదిలేశారు. మన దగ్గర ఎక్కువగా కనిపించే 3018 రకం మిషన్లు దీని మీదే నడుస్తాయి. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు పని చేయగలవు కనుకనే ఆ పేరు.

ఇక లెక్కలోకి వద్దాం. ఒక టేకు నేమ్‌ప్లేటు అనుకోండి. 250 మిల్లీమీటర్ల పొడవు, 120 మిల్లీమీటర్ల వెడల్పు. అక్షరాలు పైకి తేలి, చుట్టూ నేల 3 మిల్లీమీటర్లు లోతుగా దిగాలి. చెక్కను కోసే పనిముట్టు, అంటే బిట్, సైజు 3 మిల్లీమీటర్లు. గీతకూ గీతకూ మధ్య జరుగుడు బిట్ సైజులో 40 శాతం, అంటే 1.2 మిల్లీమీటర్లు. ఒక్కో విడతలో 1 మిల్లీమీటరు లోతు, మొత్తం మూడు విడతలు.

250 ఇంటూ 120, మొత్తం 30,000 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 1.2తో భాగిస్తే 25,000 మిల్లీమీటర్లు, అంటే 25 మీటర్లు. ఒక్క విడతలో బిట్ నడవాల్సిన దూరం అది. మూడు విడతలకు 75 మీటర్లు. నిమిషానికి 1,000 మిల్లీమీటర్ల వేగం, మనం ఫీడ్ అనేది అదే, ఇచ్చామనుకుంటే 75 నిమిషాలు. అక్షరాలున్న చోటు తీసేస్తే కొంచెం తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ లేకపోయినా ఈ లెక్క అందరూ వేసుకోగలరు. విస్తీర్ణాన్ని జరుగుడుతో భాగించి, విడతల సంఖ్యతో గుణించి, ఫీడ్‌తో భాగించడం, అంతే.

అయితే ఈ లెక్క మిషను ఎప్పుడూ పూర్తి వేగంలోనే ఉంటుందని అనుకుంటోంది. ఏ మిషనూ అలా ఉండదు. ఆగి ఉన్నది కదలాలి, కదిలి వేగం అందుకోవాలి, మలుపు వస్తే తగ్గాలి, మళ్లీ పుంజుకోవాలి. ఎంత చురుగ్గా పుంజుకోవాలో చెప్పే అంకెను యాక్సిలరేషన్ అంటాం. చిన్న మిషన్లలో ప్రతి సెకనుకూ వేగం సెకనుకు 50 మిల్లీమీటర్లు పెరిగేలా, కొన్నిట్లో అంతకన్నా తక్కువగా, ఆ అంకెను పెట్టి ఇస్తారు.

ఈ 50 ఏం చేస్తుందో చూద్దాం. నిమిషానికి 1,000 అంటే సెకనుకు దాదాపు 17 మిల్లీమీటర్లు. సున్నా నుంచి ఆ వేగం అందుకోవడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఆలోగా బిట్ 2.8 మిల్లీమీటర్లు నడిచిపోతుంది. మళ్లీ ఆగడానికీ అంతే. అంటే ఐదున్నర మిల్లీమీటర్ల కన్నా పొట్టిగా ఉండి, రెండు కొసల్లోనూ ఆగాల్సిన గీత మీద బిట్ మనం అడిగిన వేగాన్ని ఒక్క క్షణం కూడా అందుకోదు.

2 మిల్లీమీటర్ల గీత తీసుకోండి. కాగితం లెక్కలో 0.12 సెకన్లు. నిజంగా పట్టేది 0.4 సెకన్లు. మూడింతల పైమాటే. ఇప్పుడు 250 మిల్లీమీటర్ల పొడవు గీత తీసుకోండి. కాగితం మీద 15 సెకన్లు, నిజంగా పట్టేది 15.3 సెకన్లు. తేడా లేనట్టే. మిషనొకటే, ఫీడ్ ఒకటే. గీత పొడవు మారేసరికి ఒక లెక్క నిలబడింది, ఇంకొకటి కూలిపోయింది.

గుడియాత్తం లుంగీల ఊరు కదా, మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఒకే రంగు గుడ్డ నేసేటప్పుడు నాడె అటూ ఇటూ పోతూనే ఉంటుంది, చెయ్యి ఆగదు. గళ్ల లుంగీ మొదలుపెడితే రంగు మారిన ప్రతిచోటా నాడె మార్చాలి. అందుకే నేతగాడు కూలి మాట్లాడేటప్పుడు గజాల కన్నా ముందు గళ్లెన్నో, రంగులెన్నో చూస్తాడు. మనమూ డిజైను చూడగానే అలాగే చూడాలి. ఎన్ని మీటర్లు కొయ్యాలన్నది రెండో ప్రశ్న. ఎన్ని మలుపులున్నాయన్నది మొదటి ప్రశ్న.

మన నేమ్‌ప్లేటుకే ఇది అన్వయించి చూద్దాం. నేల దింపేటప్పుడు బిట్ పొడవు వైపు నడిస్తే విడతకు దాదాపు 100 గీతలు, మూడు విడతలకు 300. ప్రతి గీత చివర ఆగి, పక్కకు జరిగి, మళ్లీ బయలుదేరడానికి అర సెకను పైచిలుకు పోతుంది. మొత్తం మీద మూడు నిమిషాలు. అదే బిట్‌ను వెడల్పు వైపు నడిపిస్తే గీతలు రెట్టింపు అవుతాయి, పోయేది ఆరు నిమిషాలు. కాబట్టి నేల దింపేటప్పుడు ఎప్పుడూ పొడవు వైపే నడిపించండి.

ఇప్పుడు అదే పలక చుట్టూ సన్నని లతలు, జాలీ అంచు పెట్టమన్నారనుకోండి. 2 మిల్లీమీటర్లకొకసారి పదునుగా తిరిగే గీతలు 1,500 ఉన్నాయనుకుందాం. మొత్తం దూరం మూడే మీటర్లు. కాగితం లెక్కలో మూడు నిమిషాలు. మిషను మీద 1,500 సార్లు 0.4 సెకన్లు, అంటే పది నిమిషాలు. మూడు విడతలకు అరగంట. 75 మీటర్ల నేల లెక్క తప్పింది మూడు నిమిషాలు మాత్రమే. 9 మీటర్ల అంచు లెక్క తప్పింది ఇరవై ఒక్క నిమిషాలు.

అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఊళ్లో నేమ్‌ప్లేటు మీద తమిళం ఉంటుంది, చాలా ఇళ్లకు తెలుగూ కావాలంటారు. తమిళంలో ‘ప’ అంటే ఒక నిలువు, ఒక అడ్డం, ఇంకో నిలువు. మందంగా చెక్కితే దాని అంచు చుట్టూ ఎనిమిది లంబకోణాలు వస్తాయి. తెలుగు ‘ల’ మొత్తం వంపులే. గ్రబుల్‌కు వంపు అంటే కొద్దికొద్దిగా దిశ మారే చిన్న గీతల వరుస. దిశ కొంచెమే మారుతోంది కాబట్టి వేగం తగ్గించకుండా సాగిపోతుంది. లంబకోణం వస్తే అలా కుదరదు. మలుపు దగ్గర ఎంత వేగం ఉండొచ్చో చెప్పే గ్రబుల్ సెట్టింగు పేరు డాలర్ 11. మామూలుగా అది 0.01 మిల్లీమీటరు ఉంటుంది. యాక్సిలరేషన్ 50 ఉన్న మిషను మీద లంబకోణం తిరిగేటప్పుడు వేగం నిమిషానికి 66 మిల్లీమీటర్లకు పడిపోతుంది. 1,000లో 66. దాదాపు నిలబడినట్టే.

నిలబడ్డ బిట్ ఊరికే నిలబడదు. దాన్ని తిప్పే స్పిండిల్ తిరుగుతూనే ఉంటుంది. టేకు పలక మీద ఆ ‘ప’ మూలల్ని దగ్గరగా పెట్టి చూడండి. గీత పొడవునా చెక్క లేత బంగారు రంగులో ఉంటుంది, మూల దగ్గర గోధుమ రంగు చుక్క తేలుతుంది, వాసన చూస్తే కమురు. బిట్ అక్కడ చెక్కను కొయ్యలేదు, రాసింది. టైము పోయిన చోటే చెక్కా మాడింది, బిట్ పదునూ పోయింది. ఒక్క కారణానికి మూడు నష్టాలు.

బిట్ కొయ్యాలంటే ప్రతి చుట్టుకూ దాని పంటికి తగినంత చెక్క అందాలి. దానికీ చిన్న లెక్క ఉంది. స్పిండిల్ చుట్లు ఇంటూ పళ్లు ఇంటూ ఒక్కో పన్ను తీసే పొట్టు మందం, ఇదే ఫీడ్. నిమిషానికి 10,000 చుట్లు, రెండు పళ్లు, 0.05 మిల్లీమీటరు పొట్టు అనుకుంటే 1,000 మిల్లీమీటర్లు. మనం వాడుతున్న ఫీడ్ అలా వచ్చిందే. భయపడి ఫీడ్‌ను సగం చేస్తే బిట్‌కు మేలు చేసినట్టు అనిపిస్తుంది. నిజానికి పొట్టు సన్నబడి, పొడిగా రాలి, బిట్ వేడెక్కి త్వరగా మొద్దుబారుతుంది. పొట్టు చేతిలోకి తీసుకుని నలిపి చూడండి. చిన్న చిన్న రేకుల్లా తగిలితే ఫీడ్ బాగున్నట్టు, పిండిలా జారిపోతే ఫీడ్ చాలనట్టు.

ఈ లెక్కల వెనుక చాలా పెద్ద శ్రమ ఉంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు ఒక లోహాన్ని ఏ వేగంతో, ఎంత లోతుతో కోస్తే పని త్వరగా అయి, పనిముట్టూ నిలుస్తుందని తెలుసుకోవడానికి 26 ఏళ్లు ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాల్లో ఎనిమిది లక్షల పౌండ్ల ఉక్కు, ఇనుము పొట్టుగా మారాయి. మన లెక్కలో 360 టన్నులు. 1906లో ఆ ఫలితాలు ప్రకటించారు. వేగం పెరిగేకొద్దీ పనిముట్టు ఆయువు ఎలా తరుగుతుందో చెప్పే ఆయన సూత్రం ఈ రోజుకీ ఇంజనీరింగ్ కాలేజీల్లో చెప్తున్నారు. పనివాడి అనుభవం అంకెల్లోకి ఎక్కితే అది పదిమందికీ పనికొస్తుందని ఆయన నమ్మారు. మన చిన్న షెడ్లలోనూ ఆ నమ్మకం పనిచేస్తుంది.

ఇక సెట్టింగులు. టైము తగ్గించాలనుకున్నవాళ్లు మొట్టమొదట చేసేది ఫీడ్ పెంచడం. మన 2 మిల్లీమీటర్ల గీత మీద ఫీడ్‌ను 1,000 నుంచి 2,000 చేసి చూడండి. పట్టే టైము అదే 0.4 సెకన్లు. రవ్వంత కూడా మారదు. మొదటి వేగాన్నే అందుకోని బిట్‌కు రెండో వేగంతో పనేముంది? అదే యాక్సిలరేషన్‌ను 50 నుంచి 200 చేస్తే ఆ గీత 0.2 సెకన్లలో అయిపోతుంది. అరగంట పట్టే జాలీ అంచు పావుగంటలో అవుతుంది. మూలల్లో మాడడం కూడా తగ్గుతుంది. వివరం ఎక్కువ ఉన్న పనికి యాక్సిలరేషనే ప్రాణం. పొడవు గీతల పనికి మాత్రమే ఫీడ్ ప్రాణం.

అయితే 200 అన్నానని అందరూ 200 పెట్టకండి. ప్రతి మిషను బలం వేరు. మీ మిషను బలం మీరే కనుక్కోవాలి. పద్ధతి చెప్తాను, రాసుకోండి.

మొదట గ్రబుల్‌కు ఆదేశాలు పంపే గడిలో డాలర్ గుర్తు రెండుసార్లు కొట్టి ఎంటర్ నొక్కితే అన్ని సెట్టింగులూ తెర మీదికి వస్తాయి. వాటిని ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకోండి. ఏం తేడా వచ్చినా మళ్లీ అక్కడికి రావచ్చు. తర్వాత కొలత సరిచూడండి. ఒకే దిశలో 100 మిల్లీమీటర్లు కదలమని చెప్పి, నిజంగా ఎంత కదిలిందో కొలవండి. ఒక మిల్లీమీటరుకు మోటారు ఎన్ని స్టెప్పులు వేయాలో చెప్పే డాలర్ 100లో 800 ఉండి, మిషను 99.2 కదిలిందనుకోండి. 800ను 100తో గుణించి 99.2తో భాగిస్తే 806.45. అదే కొత్త అంకె. 101, 102 మిగతా రెండు దిశలకు.

ఆ తర్వాత యాక్సిలరేషన్. డాలర్ 120, 121, 122. ఒకసారి ఒక్కదాన్నే మార్చండి. చెక్క లేకుండా, మొన తేలిన బిట్ పెట్టి, కింద కాగితం అంటించి, మొన ఉన్న చోట చుక్క పెట్టండి. అక్కడి నుంచి చిన్న చిన్న దూరాలు వేగంగా ముందుకూ వెనక్కూ పరిగెత్తించి మళ్లీ సున్నాకు రప్పించండి. మొన చుక్క మీదే వాలితే యాక్సిలరేషన్ 25 పెంచి మళ్లీ చూడండి. ఎక్కడో ఒకచోట మోటారు గుర్రుమంటుంది, మొన చుక్క పక్కన వాలుతుంది. స్టెప్పులు తప్పాయన్నమాట. ఆ అంకెలో 20 శాతం తగ్గించి పెట్టుకోండి. ఖాళీగా తిరగడం వేరు, చెక్కను తోసుకుంటూ తిరగడం వేరు. ఆ 20 శాతం చెక్క కోసం. పైకీ కిందకీ పోయే దిశ స్పిండిల్ బరువును మొయ్యాలి కనుక దాని అంకె ఎప్పుడూ తక్కువగానే ఉండాలి.

ఈ పరీక్ష పొద్దున చల్లగా ఉన్నప్పుడు చేసి ఊరుకోకండి. వేలూరు ఎండ సంగతి అందరికీ తెలుసు. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల షెడ్డులో మోటార్లను నడిపే డ్రైవరు చిప్పులు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఎక్కువ వేడెక్కితే తమను తాము కాపాడుకోవడానికి అవి కాసేపు ఆగిపోతాయి. గ్రబుల్‌కు ఆ సంగతి తెలియదు, మోటారు కదులుతోందనే అనుకుంటుంది. పొద్దున బాగా వచ్చిన పలక మధ్యాహ్నం పక్కకు జరిగి వచ్చిందంటే మొదట చూడాల్సింది డిజైనును కాదు, ఆ చిప్పుల మీది ఫ్యానును. పరీక్ష మధ్యాహ్నం రెండు గంటలకు చేసి నెగ్గిన అంకెనే నమ్మండి. కరెంటు పోతే కూడా మిషను తానెక్కడుందో మర్చిపోతుంది. అందుకని పలక ఒక మూలను సున్నాగా పెట్టుకుని అక్కడ చెదరని గుర్తు ఉంచండి.

దేవుడి బొమ్మలు, ఏనుగులు, నెమళ్లు ఎత్తుపల్లాలతో చెక్కే పని గురించి కూడా చెప్పాలి. 100 బై 100 మిల్లీమీటర్ల గణపతి బొమ్మ అనుకోండి. జరుగుడు 0.2 మిల్లీమీటర్లు. 500 గీతలు, 50 మీటర్లు, కాగితం మీద 50 నిమిషాలు. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. బొమ్మ వంపుల్ని సాఫ్ట్‌వేర్ 0.1 మిల్లీమీటరు ముక్కలుగా నరికి పంపుతుంది. గ్రబుల్ ఒకసారికి 16 ముక్కల్ని మాత్రమే ముందుచూపుతో చూడగలదు. అంటే 1.6 మిల్లీమీటర్ల దారి. ఆ దారిలో ఆగగలిగే వేగాన్ని మించి అది పోదు. యాక్సిలరేషన్ 50 అయితే ఆ వేగం నిమిషానికి 760 దగ్గర. మీరు 1,000 అడిగినా, 3,000 అడిగినా అంతే. యాభై నిమిషాల పని అక్కడే 66 నిమిషాలు అయింది. పైగా నిలువు దిశ వేగం 500 దాటకూడదని ఉంటే, 45 డిగ్రీల వాలు ఎక్కేటప్పుడు మొత్తం వేగం 707 దాటదు. ముక్కల పొడవు 0.3కు పెంచితే కంటికి తేడా తెలియదు కానీ ముందుచూపు మూడింతలవుతుంది. సాఫ్ట్‌వేర్‌లో బిట్ నడిచే దారి, అంటే టూల్‌పాత్, తయారుచేసేటప్పుడు టాలరెన్స్ అని అడిగే గడి దగ్గరే ఈ టైము దొరుకుతుంది.

ఇంత చేశాక కూడా లెక్కకూ నిజానికీ కొంత తేడా మిగులుతుంది. దాన్ని పట్టుకోవడానికి నోట్‌బుక్కులో మూడు పేజీలు చాలు. నేల దింపే పనులకు ఒకటి, అక్షరాలు, జాలీలకు ఒకటి, ఎత్తుపల్లాల బొమ్మలకు ఒకటి. ప్రతి పనికీ లెక్క చెప్పిన టైము, నిజంగా పట్టిన టైము పక్కపక్కనే రాయండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. కొన్ని పనుల తర్వాత ఒక్కో పేజీకి ఒక్కో అంకె నిలబడుతుంది. కొత్త పని వస్తే లెక్కను ఆ అంకెతో గుణించండి. మూడు రకాల పనులకూ ఒకటే అంకె వాడకండి, మూడూ తప్పుతాయి. చెక్క బిగించడం, సున్నా పట్టడం, బిట్ మార్చడం, కోత అయ్యాక గరుకు కాగితంతో రుద్దడం, పాలిష్ ఆరడం మిషను గడియారంలో ఉండవు. వాటికి వేరే వరుస రాసుకోండి. మిషను నడుస్తున్నంతసేపూ మనిషి దగ్గరుండాలి కాబట్టి ఆ గంటలు మీ గంటలే. చెక్క పొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలకలు కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద ఫ్యాక్టరీ అక్కర్లేదు. రాణిపేటలో బీహెచ్‌ఈఎల్‌ను ఆనుకుని ఉన్న చిన్న పరిశ్రమల్లో పెద్ద సీఎన్‌సీ మిషన్లు నడిపేవాళ్లు చేసే లెక్కా, మేడ మీద షెడ్డులో మనం చేసే లెక్కా ఒకటే. ఇంట్లో 3018 మీద యాక్సిలరేషన్ అంటే ఏమిటో చేతితో తెలుసుకున్న కుర్రవాడు రేపు ఆ పెద్ద మిషను ముందు నిలబడి తడబడడు. ఐటీఐలో, పాలిటెక్నిక్‌లో చదువుతున్న పిల్లలకు నా మాట ఇదే. వేగం ఎంత అని అడగడం దగ్గర ఆగకండి. ఆ వేగం ఎక్కడ అందుతోంది, ఎక్కడ అందడం లేదు అని అడగండి. డిజైను చేతికి రాగానే మలుపులు లెక్కపెట్టండి, మీ పేజీలో ఉన్న అంకెతో గుణించండి, చేతి పనికి పట్టే గంటలు కలపండి. అప్పుడు చెప్పండి, "శనివారం సాయంత్రం ఐదింటికి రండన్నా" అని. ఆ మాట నిలబడితే వాళ్లు ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకుని వస్తారు.